చేతికి తెలిసిన గోడ

గాలి.

ఖర్జూరపు మట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చప్పుడు. ఎండిన ఆకు మీద ఎండిన ఆకు. దూరం నుంచి వింటే వాన మొదలైందనిపించే చప్పుడు.

వాన కాదు.

ఎడారి ఊరు ఉనైజాలో ఆ చప్పుడు విని పరుగున బయటికొచ్చి, ఆరేసిన బట్టలు తీసేసి, మళ్ళీ ఆరేసిన రోజులు రత్తమ్మకి ఎన్నో ఉన్నాయి. కోనసీమ మనిషి. ఆకు కదిలితే వాన అనే అనుకుంటుంది. మామా కిటికీ దగ్గర కూర్చుని నవ్వేది. "మళ్ళీ వచ్చిందా నీ వాన?" అనేది.

రత్తమ్మ ఆ ఇంటికి పనికి వచ్చింది రెండువేల సంవత్సరంలో. ఇంటావిడని మామా అనాలి, ఇంటాయన్ని బాబా అనాలి అని ఏజెంటు చెప్పి పంపాడు. మొదట్లో ఆమెకి లోపల్లోపల నవ్వొచ్చేది. వాళ్ళ ఊళ్ళో మామ అంటే మీసాలుండాలి. ఇక్కడ మామా అంటే మునీరా. అరవై దాటిన సన్నటి మనిషి, చేతివేళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగు మరకలు. బాబా అంటే సాలెహ్. బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారు. మెల్లగా నడిచేవాడు, మెల్లగా నవ్వేవాడు.

ఇద్దరూ బొమ్మలు వేసేవాళ్ళు.

పిల్లల్లేరు. ఇల్లు ఉంది.

మట్టి ఇల్లు. బాబా తాత కట్టించింది. మూరెడు మందం గోడలు, దుంగల కప్పు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. వాకిలి నుంచి లోపలి గదికి పొడవాటి నడవ. ఆ లోపలి గదిలో రెండు ఈజిళ్ళు, బొమ్మ నిలబెట్టి గీసే చట్రాలు, పక్కపక్కనే. ఆయన ఖర్జూరపు తోటలు వేసేవాడు, ఎండిన బావులు వేసేవాడు. ఆమె తలుపులు వేసేది. ఊళ్ళో పాత తలుపులన్నీ. ఏ తలుపు ఎవరి ఇంటిదో కింద రాసి పెట్టేది.

చుట్టుపక్కల వాళ్ళంతా ఎప్పుడో సిమెంటు ఇళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలేసిన మట్టి ఇళ్ళు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. తలుపులు మాత్రం మామా బొమ్మల్లో మూసి ఉండేవి, గొళ్ళాలతో సహా.

ఊళ్ళో బొమ్మ చూడాలంటే ఆ ఇల్లు ఒక్కటే. గురువారం సాయంత్రాలు తలుపు తెరిచి ఉంచేవాళ్ళు. మగవాళ్ళు ముందు గదిలో కూర్చునేవాళ్ళు, ఆడవాళ్ళు వాకిట్లో. కాఫీ, ఖర్జూరాలు. ఎవరైనా వచ్చి గోడల మీద బొమ్మలు చూసి వెళ్ళొచ్చు. బాబా ఎవరినీ అభిప్రాయం అడిగేవాడు కాదు. "చూశారుగా, చాలు" అనేవాడు.

ఆ ఏడు చలికాలంలో నిజంగానే వాన వచ్చింది. రెండు రోజులు. నడవ గోడ మీద మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

మామా కూలివాళ్ళకి కబురు పెట్టబోయింది. రత్తమ్మ వద్దంది. మట్టి తెప్పించింది, గడ్డి నరికి కలిపింది, నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కింది. నాలుగు రోజులు నాననిచ్చి, చీర కుచ్చిళ్ళు దోపినట్టు గౌను అంచు నడుముకి దోపి, గోడ మెత్తడం మొదలుపెట్టింది.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అంది మామా, గుమ్మంలో నిలబడి.

"మా ఊళ్ళో. మా ఇల్లూ ఇదే. మట్టి."

"ఇప్పుడు ఎవరున్నారు ఆ ఇంట్లో?"

రత్తమ్మకి అప్పటికి వచ్చిన అరబ్బీ పిడికెడు. ఆ పిడికెట్లో తుపాను అన్న మాట లేదు. తొంభై ఆరు నవంబరులో సముద్రం ఊరి మీదికి ఎలా వచ్చిందో, నానిన గోడ మీద పడి మొగుడు ఎలా పోయాడో చెప్పడానికి మాటల్లేవు.

చేతులతో చెప్పింది. ఒక చెయ్యి నిలువుగా పెట్టి, దాన్ని రెండో చేతి మీద వాల్చింది.

మామా దగ్గరికొచ్చింది. గౌను చేతులు పైకి మడిచి, మట్టి ముద్ద తీసుకుని, పక్కన నిలబడింది.

మట్టి గోడంటే రత్తమ్మకి భయం ఉండాలి. లేదు. ఎందుకు లేదో ఆమెకీ తెలియదు. మెత్తడం అయ్యాక తడి ఆరకముందే నాలుగు వేళ్ళూ ఆనించి గోడ పొడవునా లాక్కుంటూ పోయింది. వాళ్ళమ్మ అలాగే చేసేది. గోదారి మీద గాలి కొట్టినప్పుడు నీళ్ళ మీద పడే గీతల్లా ఉన్నాయి ఆ గీతలు. నునుపు చెయ్యాలేమోనని తాపీ కోసం వెతుకుతుంటే బాబా ఆపాడు.

"ఉండనీ. ఇదీ బొమ్మే."

గాలి. మట్టలు. తడి మట్టి ఆరుతున్న వాసన.

మామాకి షుగరు ఉంది. రెండువేల రెండులో ఎడమ కన్ను మసకేసింది. మరుసటి ఏడు రెండోది. రియాద్ తీసుకెళ్ళారు, లేజరు పెట్టించారు. డాక్టరు మంచివాడు. మంచివాడు కాబట్టి ఉన్నమాట చెప్పాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక మామా తన ఈజిలు తనే మడిచి గోడకి చేరేసింది. తలుపు బొమ్మ ఒకటి సగంలో ఉంది. గొళ్ళెం లేదు దానికి.

మొదట రత్తమ్మ చెయ్యి పట్టుకుని నడిచేది. అది ఆమెకి నచ్చలేదు. తన ఇంట్లో తనని ఒకరు నడిపించడమేమిటి? విసుక్కునేది. ఒకరోజు చెయ్యి విడిపించుకుని నడవ గోడ పట్టుకుంది. వేళ్ళ కింద గీతలు తగిలాయి.

ఆగిపోయింది.

"రత్తా, ఇవి నీ వేళ్ళు."

ఆ చలికాలం రత్తమ్మ ఆ గోడని మళ్ళీ మెత్తింది. ఈసారి తోచినట్టు కాదు. వంటగది మలుపు దగ్గర గీతలు లోతుగా లాగింది. మెట్టు రెండడుగుల దూరంలో ఉందనగా గుండ్రంగా ఒక సుడి తిప్పింది. బొమ్మల గది గుమ్మం దగ్గర అరచెయ్యి మొత్తం ఆనించి అచ్చు వేసింది. మామాతో ఒక్కొక్కటీ తడిమించింది. వారం తిరక్కుండా మామా ఇల్లంతా ఒంటరిగా తిరిగింది. వంటింట్లోకి వచ్చి రత్తమ్మ వెనకాల నిలబడి ఉలిక్కిపడేలా పిలిచేది. చిన్నపిల్లలా.

కళ్ళు పోయాయి. ఇల్లు మిగిలింది.

బాబా మాత్రం రోజూ బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. ఇద్దరి వంతూ తనే వేస్తున్నట్టు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మామా ఆ గదిలోకి వచ్చి కూర్చునేది. ఆయన వేసింది రత్తమ్మ ఆమెకి చెప్పాలి. ఆయన చెప్పుకోడు. తన బొమ్మ తను ఎలా చెప్పుకుంటాడు?

మొదటిరోజు రత్తమ్మ, "బాగుంది మామా. చాలా బాగుంది" అంది.

మామాకి కోపం వచ్చింది. "బాగుందని నిన్నెవరడిగారు? ఏముందో చెప్పు."

అలా నేర్చుకుంది. తడబడుతూ. చెట్టు ఉంది. చెట్టు మెడ ఒక పక్కకి వాలింది. వెనకాల గోడ తడిసిన బెల్లం రంగు. అరబ్బీలో రంగుల పేర్లు నాలుగు తెలుసు. మిగతావి తెలుగులోనే అనేసేది. పండుటాకు రంగు. లేత మట్టి. బూడిద కాదు, పొగ. మామా ఆ మాటల్ని పట్టుకుని పలికి చూసేది. "పొగ" అనేది, "పోగా" అని సాగదీస్తూ. బాబా ఈజిలు వెనకాల నవ్వుకునేవాడు.

ఇలా రెండేళ్ళు.

ఒకరోజు బాబా బొమ్మ ముగించి పక్కకి తప్పుకున్నాడు. రత్తమ్మ చూసింది. చూసి, ఆయన వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెప్పకు అన్నట్టు.

బొమ్మలో గీతలన్నీ వణుకుతున్నాయి. చెట్టు నీళ్ళలో నీడలా ఉంది.

"చెప్పు" అంది మామా.

గదిలో కుర్చీ కిర్రుమంది. బయట గాలి.

అబద్ధం చెప్పడం ఎంతసేపు? నిజం చెప్పొద్దని ఆయనే అంటున్నాడు. కానీ మామా ముఖం రత్తమ్మ వైపు తిరిగి ఉంది. పూర్తిగా తెరిచి ఉన్న ముఖం. దాని మీద అబద్ధం పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు.

"గీత వణుకుతోంది మామా" అంది. "ఖర్జూరం చెట్టే. కానీ నీళ్ళలో నిలబడినట్టుంది. చెయ్యి నిలవట్లేదు బాబాకి."



మామా లేచింది. గాలిలో చెయ్యి చాచి వెతికింది. బాబా తన చెయ్యి అందించాడు. ఆమె దాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. పిట్టని పట్టుకున్నట్టు. అది లోపల కొట్టుకుంటూనే ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది."

"నాతో చెప్పలేదు."

"నీకు కనిపించదు కదా అనుకున్నాను" అన్నాడు బాబా. అన్నాక ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన బతికిన ఎనిమిది నెలలూ మామా ఆయన చెయ్యి వదల్లేదు. రెండువేల ఐదు డిసెంబరులో పోయాడు. నలభైయో రోజున మామా రత్తమ్మతో అంది: "ఆ రోజు నువ్వు నిజం చెప్పకపోతే ఆ ఎనిమిది నెలలూ నాకు ఉండేవి కావు. నువ్వు నా కన్నువి రత్తా."

ఆ మాట రత్తమ్మ దాచుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి ఫోన్లో కూడా చెప్పలేదు.

ఇంటిని బొమ్మల గ్యాలరీ చెయ్యమని ప్రభుత్వానికి ఇచ్చేయడం మామా ఆలోచనే. "నేను పోతే ఇది కూలిపోతుంది" అంది. "చుట్టూ చూడు. చూసి చెప్పు. ఎన్ని నిలబడ్డాయి?"

రత్తమ్మ మేడ మీదికెక్కి చూసి వచ్చి చెప్పింది. మూడు.

బాబా అన్న కొడుకు ఫహద్ రియాద్‌లో, మలాజ్‌లో ఉంటాడు. నెమ్మదైన మనిషి. తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగాడు. ఇల్లు బాగుచేసి, బొమ్మలు గోడలకి పెట్టి, ఊరందరికీ తెరిచి ఉంచుతారు. తెరిచాక మామా అక్కడే ఒక గదిలో ఉండొచ్చా? కుదరదన్నారు. రోజూ రావచ్చా? ఎప్పుడంటే అప్పుడు రావచ్చన్నారు. మామా సరేనంది.

కొలతలు తీసుకోవడానికి ఇంజినీరు వచ్చాడు. సన్నగా ముప్పై లోపు కుర్రాడు. వాకిట్లో నిలబడి మొబైల్లో మాట్లాడుతుంటే రత్తమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

తెలుగు.

"బాబూ, మీరు మన వైపు వాళ్ళాండీ?"

అతను గిరుక్కున తిరిగాడు. "అమ్మా! తెలుగోళ్ళా మీరు? మాది సిరిసిల్ల. ఉదయకిరణ్ నా పేరు."

రత్తమ్మ అతన్ని నడవలోకి తీసుకెళ్ళింది. గోడ చూపించింది. మలుపు, సుడి, అరచేతి అచ్చు. ఏది ఎందుకో చెప్పింది.

"ఇల్లంతా మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి బాబూ. ఈ గోడొక్కటీ వదిలేయండి. ఆవిడకి కళ్ళు లేవండి. ఇదే ఆవిడ దారి."

ఉదయకిరణ్ కళ్ళు మూసుకుని గోడ మీద చెయ్యి పెట్టాడు. నాలుగడుగులు నడిచాడు. కళ్ళు తెరిచాడు.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. గీ గోడ మీద ఎవ్వర్నీ చెయ్యి ఎయ్యనియ్య. జిమ్మేదారి నాది."

ఇంట్లో పని మొదలవగానే మామా, రత్తమ్మ ఫహద్ ఇంటికి మారారు. మలాజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. కింద కొట్లు, హారన్లు, లిఫ్టు మోత. మట్టల చప్పుడు లేదు. గోడలన్నీ ఒకేలా నున్నగా, ఎటు తడిమినా ఏమీ చెప్పని గోడలు. మామా మంచం మీంచి దిగడం తగ్గించేసింది. కానీ రోజూ పొద్దున కాఫీ తాగాక కూర్చున్నచోటే కుడిచెయ్యి గాలిలోకి చాచి నడిచేది. కాళ్ళు కదలకుండా, చేత్తోనే.

"ఇప్పుడు వాకిలి దాటాను" అనేది. "ఇదిగో వంటింటి మలుపు. ఇప్పుడు సుడి. మెట్టు ఎక్కాను. రత్తా, పాలు పొంగుతున్నాయి, వాసనొస్తోంది."

ఏడాదిన్నర అలా నడిచింది.

రెండువేల ఎనిమిది మార్చిలో తెరుస్తామని కబురు వచ్చింది. మామా ముఖంలోకి రక్తం వచ్చింది. కొత్త గౌను కుట్టించుకుంది. ఎవరూ చెయ్యి పట్టుకోకూడదని షరతు పెట్టింది. వాకిలి దగ్గర వదిలేస్తే చాలు, తనే అందర్నీ లోపలికి తీసుకెళ్తుంది.

ఇంకా పదహారు రోజులుందనగా రత్తమ్మ మొబైల్ మోగింది.

"అమ్మా..." ఉదయకిరణ్. ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది.

"చెప్పండి బాబూ."

"నన్ను మూడు వారాలు ధహ్రాన్ పనికి తోలిన్రు అమ్మా. వద్దని ఎంత చెప్పినా ఇనలే. గోడ మీద పెద్దగ రాసి పోయిన, ముట్టొద్దని. తారీకు ముందటికి జరిపిన్రంట. కాంట్రాక్టరు ఆగమాగం చేసి మొత్తం సిమెంటు కొట్టిచ్చిండు. నేను ఇయ్యాల్నే వచ్చిన. వచ్చి చూస్తే..." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మెట్టు గూడ తీసేసిన్రు అమ్మా. వీల్‌చైరు కోసమని. నేను మాటిచ్చి తప్పిన."

రత్తమ్మ బాల్కనీలో నిలబడి ఉంది. కింద వీధిలో ఎవరో కారు కడుగుతున్నారు. నీళ్ళు పారుతున్నాయి.

"ఏం చేస్తారండి బాబూ" అంది. "మీరు మాత్రం ఏం చేస్తారు. ఏడవకండి."

ఫోను పెట్టేసి తనే ఏడ్చింది.

చెప్పాలి.

పొద్దున కాఫీ అప్పుడు చెప్పాలనుకుంది. మామా చెయ్యి గాలిలో మలుపు తిరుగుతోంది. చెప్పలేకపోయింది. మర్నాడు తల దువ్వుతూ చెప్పాలనుకుంది. మామా ఎవరెవరిని పిలవాలో పేర్లు చెబుతోంది. చెప్పలేకపోయింది. రోజులు ఒక్కొక్కటే రాలాయి. ఖర్జూరపు పండ్లు రాలినట్టు, చప్పుడు లేకుండా.

రత్తమ్మ తనకి తను సర్ది చెప్పుకుంది. వెళ్ళాక చూద్దాం. వాకిలి ఉంటుంది కదా. వాసన ఉంటుంది కదా. బొమ్మలుంటాయి కదా.

తెరిచిన రోజున ఆడవాళ్ళకి విడిగా ఇచ్చిన పూట మధ్యాహ్నం. కారు దిగగానే మామా ముఖం పైకెత్తింది. మట్టల చప్పుడు. నవ్వింది. చిన్నపిల్ల నవ్వు.

వాకిట్లో ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు. బాబా పాత విద్యార్థుల భార్యలు, ఇరుగుపొరుగు, కాలేజీ పిల్లలు. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

"వదులు" అంది మామా.

రత్తమ్మ వదిలింది.

మామా నాలుగడుగులు వేసి, కుడిచెయ్యి చాచి గోడ మీద పెట్టింది.

ఆగింది.

చెయ్యి పైకి జరిపింది. కిందికి జరిపింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. చల్లటి, నున్నటి గోడ. ఇంకో రెండడుగులు వేసింది. మలుపు దగ్గరి లోతు గీతల కోసం తడిమింది. గీతలు దొరకలేదు, పదునైన అంచు దొరికింది. సుడి లేదు. మెట్టు ఉండాల్సిన చోట కాలు ఎత్తి వేసింది. మెట్టు లేదు. కాలు దభీమని కింద పడింది. ఎవరో "అయ్యో" అన్నారు.

రత్తమ్మ పరిగెత్తి పట్టుకుంది.

"రత్తా, ఎక్కడికి తీసుకొచ్చావు నన్ను?"

"మన ఇంటికే మామా."

"ఇదేం గోడ?"

అందరూ చూస్తున్నారు. అందరి ముందూ ఆ ముసలి ముఖం. తెరిచి ఉన్న ముఖం. ఇప్పుడు నిజం చెబితే ఆ ముఖం ఇక్కడే, ఇంతమంది మధ్య, విరిగిపోతుంది. రత్తమ్మ ఆ ముఖాన్ని కాపాడాలనుకుంది. అంతే అనుకుంది. వేరే ఏదీ కాదు.

"అదే గోడ మామా" అంది. "శుభ్రం చేశారు. కొంచెం కడిగారు. అదే గోడ."

మామా ఆమె చేతిని మెల్లగా తన భుజం మీంచి తీసేసింది.

కోపంగా కాదు. మెల్లగా.

గ్యాలరీలో పనిచేసే అమ్మాయి ఆయేషా పక్కనే నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మామా ఆ పిల్ల వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు చెప్పు. ఈ గోడ మీద ఏ బొమ్మ ఉంది?"

ఆయేషా సంతోషంగా ముందుకొచ్చింది. బొమ్మ కింద అంటించిన చీటీ చదివింది. పేరు. సంవత్సరం. కాన్వాసు మీద నూనె రంగులు. తొంభై సెంటీమీటర్లు, అరవై సెంటీమీటర్లు.

మామా తల ఊపుతూ వింది. తర్వాతి బొమ్మ. సంవత్సరం. సెంటీమీటర్లు. తల ఊపింది. అలా ఇల్లంతా. బొమ్మల గదిలో గొళ్ళెం లేని తలుపు బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆయేషా చదివింది: "అసంపూర్ణం. ముప్పై, నలభై."

"అవునా" అంది మామా.

రత్తమ్మ వెనకాల నడుస్తూనే ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆమెకి.

మలాజ్‌కి తిరిగి వచ్చాక అంతా మామూలుగానే ఉన్నట్టుంది. రత్తమ్మ పెడితే తింది. తల దువ్వితే దువ్వించుకుంది. మందు వేస్తే వేసుకుంది. షుక్రన్, థాంక్స్, అనేది ప్రతిదానికీ. అంతకు ముందు ఎప్పుడూ అనేది కాదు.

ఏముందో చెప్పు అని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కిటికీ బయట ఏముంది అని అడగలేదు. వీధిలో గొడవేమిటి అని అడగలేదు. పొద్దున్నపూట చెయ్యి గాలిలోకి చాచడం మానేసింది.

రెండు నెలలు చూసి రత్తమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మామా, గోడ సంగతి నాకు ముందే తెలుసు."

"నాకూ తెలుసు, నీకు తెలుసని." మామా గొంతులో ఏమీ లేదు. "బాల్కనీలో ఏడ్చావు. నాకు కళ్ళే లేవు రత్తా. చెవులున్నాయి. ఆ పదహారు రోజులూ నువ్వు చెబుతావని చూశాను. చెప్పలేదు. అయితే గోడ సంగతి అయ్యుండదు, మీ ఇంటి సంగతేదో అనుకున్నాను. రత్త నాకు చెప్పకుండా ఉండదు కదా అనుకున్నాను."

రత్తమ్మ ఆమె పాదాలు పట్టుకుంది.

"నువ్వు చెప్పి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదు. ఇక్కడే కూర్చుని ఆ ఇంట్లో తిరుగుతూ ఉండేదాన్ని. కళ్ళు పోయినప్పుడు నా ఇల్లు పోలేదు. ఆ రోజు పోయింది."

"మీరు బాధపడతారని..."

"బాబా కూడా అదే అనుకున్నాడు" అంది మామా. రత్తమ్మ తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి క్షమించిందో, ఊరికే బరువు వాల్చుకుందో, రత్తమ్మకి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

మరుసటి జనవరిలో, పొద్దున, కాఫీ చల్లారకముందే మామా పోయింది.

రత్తమ్మ ఊరికి తిరిగి వెళ్ళడానికి ఫహద్ ఎగ్జిట్ కాగితాలు వేయించాడు. రత్తమ్మ పెట్టె సర్దుకుంది. ఊళ్ళో చెల్లెలు గది సున్నం వేయించి ఉంచింది.

అప్పుడు ఉదయకిరణ్ ఫోను చేశాడు. వానలకి నడవ గోడ చెడిపోయింది. లోపల మట్టి చెమ్మ పీల్చుకుని సిమెంటు పొరలు పొరలుగా ఉబ్బి ఊడుతోంది. సిమెంటు తీసేసి పాత పద్ధతిలోనే మట్టి మెత్తించేలా పైవాళ్ళని ఒప్పించాడు. పనివాళ్ళున్నారు. మట్టి పని తెలిసినవాళ్ళు లేరు.

"మీరొచ్చి పది దినాలు చూపియ్యండ్రి అమ్మా. అచ్చం అట్లనే చేద్దాం. మలుపు, సుడి, చెయ్యి, అన్నీ."

"ఎవరికోసం బాబూ?" అంది రత్తమ్మ.

వెళ్ళింది అయినా. ఎందుకు వెళ్ళిందో ఆమె చెప్పలేదు. ఫహద్ ఏమీ అడగకుండా కారు ఎక్కించాడు.

మట్టి వచ్చింది. గడ్డి వచ్చింది. నాలుగు రోజులు నానింది. మోకాళ్ళు నొప్పులు పుడుతున్నా తనే తొక్కింది. తనే మెత్తింది. పనివాళ్ళు ముద్దలు అందిస్తుంటే ఆమె వేళ్ళు గోడ పొడవునా నడిచాయి. మలుపు దగ్గర లోతుగా. సుడి, మెట్టు లేకపోయినా. గుమ్మం దగ్గర అరచెయ్యి ఆనించినప్పుడు చాలాసేపు తీయలేదు. పక్కనున్న పనివాడు ఆమెకి ఏమైనా అయ్యిందేమోనని ఉదయకిరణ్‌ని కేకేశాడు.

గోడ ఆరింది.

గ్యాలరీ మళ్ళీ తెరిచిన మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చారు. రత్తమ్మ వాకిట్లో స్తంభం పక్కన నిలబడింది. మర్నాటి విమానం. ఎవరో తల్లి వెంట ఒక చిన్నపిల్ల వచ్చింది, ఆరేళ్ళుంటాయి. నడవలోకి రాగానే ఆ గీతలు చూసి చెయ్యి చాచింది.

చెయ్యి అందలేదు.

గోడకి రెండడుగుల ఇవతల ఎర్రటి తాడు కట్టి ఉంది, నడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా. నిన్న సాయంత్రం లేదు అది.

"ముట్టుకోకూడదమ్మా" అంది ఆయేషా, ముద్దుగా.

రత్తమ్మ ఉదయకిరణ్ కోసం చూసింది. అతను ఆడవాళ్ళ పూట లోపలికి రాడు. బయట గేటు దగ్గర దొరికాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"మట్టి గోడ కదా అమ్మా. అందరు ముట్టుకుంటే రాలిపోతదంటున్నరు. కాపాడాలె అంటున్నరు."

"అవునండి బాబూ" అంది రత్తమ్మ. "కాపాడాలి కదండి మరి."

మళ్ళీ లోపలికి వెళ్ళింది. తాడుకి ఇవతల నిలబడింది. ఆయేషా దగ్గరికొచ్చి, ఆమె ఎవరో గుర్తుపట్టి, గొంతు తగ్గించి అంది: "నువ్వు కావాలంటే ముట్టుకో. ఒక్కసారి. నేను చూడను."

ఆ పిల్ల నిజంగానే ముఖం అటు తిప్పుకుంది.

రత్తమ్మ చెయ్యి సగం లేచింది. వేళ్ళ సందుల్లో ఇంకా మట్టి ఉంది.

బయట గాలి మొదలైంది. ఖర్జూరపు మట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. వాకిట్లో ఎవరో వాన వస్తోందంటున్నారు...